దవడ పనితీరు – పళ్ల పొందిక

నోరు మూసినప్పుడు పై వరస పళ్లు, కింది వరస పళ్లు ఒకదానితో ఒకటి కలిసే తీరే పళ్ల పొందిక. దంతవైద్యంలో దీని పేరు అక్లూజన్. ఎత్తుపళ్లు, ఒకదానిమీదికొకటి ఎక్కిన వంకరపళ్లు, కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకు రావడం, వెనక పళ్లు కలిసినా ముందుపళ్ల మధ్య సందు మిగిలిపోవడం వంటివన్నీ ఈ పొందికలో కనిపించే తేడాలు. వీటిని జబ్బులుగా లెక్కించాలా, మనిషికీ మనిషికీ మధ్య సహజంగా ఉండే వైవిధ్యంగా లెక్కించాలా అన్నది నూట పాతికేళ్లుగా నలుగుతున్న ప్రశ్న. పొందిక చెడితే దవడ కీలు చెడుతుందని, నొప్పి వస్తుందని పాఠ్యగ్రంథాలు చాలాకాలం బోధించాయి. గత యాభై ఏళ్ల ప్రయోగాలూ పరిశీలనలూ ఆ బోధనను నిలబడనివ్వలేదు. పళ్ల పొందిక అన్నిటికీ మూలకారణం కాదని, ఎముక, కండరం, నాడి, ఎదుగుదల, అలవాటు కలిసి నడిపే దవడ వ్యవస్థలో అది ఒక అంగం మాత్రమేనని ఇప్పుడు తెలుస్తోంది.

దవడ ఎలా పనిచేస్తుంది

కింది దవడ ఒకే ఎముక. దాని రెండు కొసలూ పైకి లేచి, చెవులకు సరిగ్గా ముందు, పుర్రె అడుగున ఉన్న గుంటల్లో కూర్చుంటాయి. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే అక్కడి కదలిక వేలికి తెలుస్తుంది. ఎముక ఒక్కటే, కీళ్లు రెండు. అందువల్ల ఒక పక్క కదిలితే రెండో పక్క కదలక తప్పదు. గుంటకూ ఎముక తలకూ మధ్య పీచు కణజాలంతో ఏర్పడిన పలచని బిళ్ల ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు మొదటి 20–25 మిల్లీమీటర్ల వరకు ఎముక తల ప్రధానంగా ఉన్నచోటే తిరుగుతుంది. ఆపైన బిళ్లతో సహా ముందుకు జారుతుంది. పెద్దవాళ్లు సాధారణంగా 40 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా, అంటే దాదాపు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత, నోరు తెరవగలరు.

శరీరంలోని చాలా కీళ్లలో ఎముకల కొసలను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. దవడ కీలులో ఆ స్థానంలో పీచు కణజాలం ఉంటుంది. మీద పడే బరువును బట్టి నెమ్మదిగా తన రూపాన్ని సవరించుకోగల గుణం ఈ కీలుకు ఎక్కువ. పళ్లు రాలినా, అరిగినా, వరస మారినా చాలామందిలో దవడ ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా పనిచేయడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం నాడీ వ్యవస్థలో ఉంది. నమలడానికి కావలసిన లయ మెదడు కాండంలో పుడుతుంది. ప్రతి పన్ను వేరుకూ దవడ ఎముకకూ మధ్య ఉండే సన్నని పొరలో ఒత్తిడిని పసిగట్టే నాడీ కొసలు ఉంటాయి. పళ్ల మధ్య మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందమున్న రేకు పెట్టినా అవి గుర్తించగలవు. అన్నంలో రాయి తగిలిన క్షణంలోనే దవడ ఆగిపోయేది ఈ సమాచారం వల్లే. నోట్లో ఉన్నది మెత్తనిదా గట్టిదా, ఎటు జరిగింది అన్నదాన్ని బట్టి ప్రతి నములుకూ కండరాల బలం మారుతూ ఉంటుంది. కాబట్టి దవడ కదలికను కేవలం పళ్ల ఆకారం నిర్ణయించదు.

ఇంకో విషయం తరచుగా మరుపున పడుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు పై పళ్లూ కింది పళ్లూ తగలవు; వాటి మధ్య 2–4 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. రోజు మొత్తంలో నమలడం, మింగడం కలిపి పళ్లు ఒకదానికొకటి తగిలే సమయం సుమారు 17 నిమిషాలని ఒక ప్రసిద్ధమైన అంచనా. మిగతా సమయమంతా దవడను నిలిపి ఉంచేవి కండరాలే.

ఆంగిల్ గీసిన ఆదర్శం

పళ్ల వరసను సరిచేసే వైద్యానికి శాస్త్రరూపం ఇచ్చినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ హార్ట్లీ ఆంగిల్ (1855–1930). 1899లో ఆయన ప్రకటించిన వర్గీకరణ నేటికీ వాడుకలో ఉంది. పై దవడ మొదటి పెద్ద చర్వణకాన్ని (వెనకవైపు నమిలే పన్నును) ఆయన కొలబద్దగా తీసుకున్నాడు. దాని ముందువైపు మొన కింది చర్వణకం మీది గాడిలో కూర్చుంటే మొదటి తరగతి; కింది పన్ను వెనక్కి ఉంటే రెండోది; ముందుకు ఉంటే మూడోది. మొదటి తరగతి సంబంధంతో పాటు పళ్లన్నీ ఒకే వంపు గీత మీద నిలిస్తే అది సాధారణ పొందిక.

ఈ పద్ధతి చికిత్సకు ఒక ఉమ్మడి భాష ఇచ్చింది. ఏ ఊళ్లో వైద్యుడైనా రోగి నోటి పరిస్థితిని మరో వైద్యుడికి రెండు మాటల్లో చెప్పగలిగాడు. అయితే దానితోపాటు ఒక గందరగోళం కూడా వచ్చింది. ఆంగిల్ సాధారణమన్నది నిజానికి ఆదర్శం. 1988–94 మధ్య అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో ఆయన నిర్వచనానికి సరిపోయే పొందిక సుమారు 30 శాతం మందిలోనే కనిపించింది. ఎక్కువమందిలో లేని లక్షణాన్ని సాధారణమని పిలిస్తే మిగతావాళ్లందరూ రోగులవుతారు. రక్తపోటుకో చక్కెరకో హద్దు గీసేటప్పుడు ఆ హద్దు దాటితే కలిగే హానిని వైద్యం కొలుస్తుంది. పళ్ల పొందిక విషయంలో హద్దు ముందు గీశారు. హానిని కొలవడం చాలా ఆలస్యంగా మొదలైంది.

పళ్లు తీయకుండానే వరసను సరిచేయాలని ఆంగిల్ పట్టుబట్టాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ ఆ విధంగా సరిచేసిన వరసలు చాలావరకు నిలవకపోవడం గమనించి, కోరపళ్లకూ చర్వణకాలకూ మధ్య ఉండే అగ్రచర్వణకాలను తీసి మళ్లీ చికిత్స చేసి, 1940లో ఫలితాలను చూపించాడు. ఆంగిల్ వద్దే చదువుకున్న ఆస్ట్రేలియా వైద్యుడు రేమండ్ బెగ్ 1954లో మరో వాదం తెచ్చాడు. ఆస్ట్రేలియా ఆదివాసుల పళ్లు గరుకు తిండి వల్ల పక్కలు కూడా అరిగి చోటు చేసుకునేవని, మెత్తని తిండిలో ఆ అరుగుదల లేక పళ్లు ఇరుకవుతున్నాయని, కాబట్టి పళ్లు తీయడం ప్రకృతి చేసే పనికి బదులని ఆయన అన్నాడు. ఒకే గురువు శిష్యులు ఇలా వేర్వేరు కారణాలతో గురువు మాట దాటినా, చేరవలసిన ఆదర్శం గురించి మాత్రం వాళ్లకు సందేహం రాలేదు.

ఆదర్శం నుంచి వ్యాధికి

1926లో కాలిఫోర్నియాలో బి. బి. మెక్‌కొలమ్ చొరవతో నాథలాజికల్ సొసైటీ ఏర్పడింది. దవడ కదలికలను కచ్చితంగా కొలిచి, వాటిని ఆర్టిక్యులేటర్ అనే లోహపు యంత్రం మీద తిరిగి చూపి, దానికి తగినట్టు పళ్లను మలచాలన్నది ఈ సంప్రదాయపు పద్ధతి. కట్టుడు పళ్లు, తొడుగులు తయారుచేసేవారికి అది నిజంగా ఉపయోగపడింది. యంత్రానికి కుదిరిందే నోటికీ కుదరాలన్న నమ్మకం మాత్రం దానితోపాటే పెరిగింది. ఆ సంప్రదాయం కేంద్రంగా పెట్టుకున్న సెంట్రిక్ రిలేషన్ అనే స్థితి నిర్వచనమే మారిపోయింది. ఎముక తల గుంటలో బాగా వెనక్కి ఉండాలని మొదట చెప్పారు. తర్వాతి తరం పైకీ ముందుకూ ఉండాలని చెప్పింది. మొదటి నిర్వచనం ప్రకారం చికిత్స పొందినవారి దవడలు రెండో నిర్వచనం వచ్చాక చెడిపోలేదు.

1934లో సెయింట్ లూయిస్‌కు చెందిన చెవి ముక్కు గొంతు వైద్యుడు జేమ్స్ కోస్టెన్ ఒక వ్యాసం ప్రచురించాడు. చెవినొప్పి, చెవిలో హోరు, తల తిరగడం, తలనొప్పి ఉన్న 11 మందిని పరిశీలించి, వెనక పళ్లు పోవడం వల్ల దవడ వెనక్కి జరిగి నాడులను నొక్కుతోందని ఆయన ప్రతిపాదించాడు. 1948లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త హ్యారీ సిషర్ ఆ నాడులు ఉన్న చోటును చూపించి, అలా నొక్కుకోవడం సాధ్యం కాదని వివరించాడు. కోస్టెన్ చెప్పిన కారణం పోయినా, దవడ నొప్పికి మూలం పళ్లలోనే ఉందన్న భావన దంతవైద్యుల మనసులో స్థిరపడింది. పళ్ల మీద ఎత్తుగా ఉన్న చోట్లను అరగదీయడం, ఆరోగ్యంగా ఉన్న పళ్లకు సైతం తొడుగులు వేసి ఎత్తు పెంచడం దవడ నొప్పికి మామూలు వైద్యమైంది.

పరీక్షలో తేలినది

ఈ భావనకు మొదటి గట్టి దెబ్బ 1976లో తగిలింది. చికాగోలో గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అనే పరిశోధకులు దవడ కండరాల నొప్పి ఉన్న 25 మందికి పళ్లు అరగదీసి సరిచేస్తున్నామని చెప్పారు. నిజానికి పొందికను మార్చే పని ఏదీ చేయలేదు. అయినా 16 మంది తమ బాధ పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయిందన్నారు. పళ్లు అరగదీశాక నొప్పి తగ్గడం అంతకుముందు వైద్యులు రోజూ చూసినదే. అయితే ఆ ఉపశమనం అరగదీయడం వల్లే కలిగిందనడానికి ఆధారం లేదని ఈ ప్రయోగం తేల్చింది. వైద్యుడి మీద నమ్మకం, భరోసా, కాలక్రమంలో నొప్పి దానంతటదే తగ్గే స్వభావం కూడా ఆ ఫలితాన్ని ఇవ్వగలవు.

నిద్రలో పళ్లు నూరడం విషయంలోనూ ఇదే జరిగింది. పొందికలోని అడ్డంకుల వల్లే పళ్లు నూరుతారని 1961లో సిగర్డ్ రామ్‌ఫ్‌యోర్డ్ రాశాడు. 1984లో జాన్ రూ బృందం వాలంటీర్ల పళ్ల మీద కావాలనే అడ్డంకులు పెట్టి చూసింది. వాళ్లలో ఎక్కువమందికి నిద్రలో పళ్లు నూరడం తగ్గింది. 2005లో ఇటలీలో మికెలొట్టి బృందం ఆరోగ్యంగా ఉన్న యువతుల పళ్ల మీద సన్నని బంగారు రేకులు అతికించినప్పుడు పగటిపూట దవడ కండరాల చురుకుదనం తగ్గింది. ఎవరికీ దవడ వ్యాధి రాలేదు. శరీరం అడ్డంకితో పోరాడకుండా దాన్ని తప్పించుకుని నడిచింది. నిద్రలో పళ్లు నూరడానికి మూలం మెదడులో ఉందని, నిద్ర మధ్యలో క్షణకాలం వచ్చే మెలకువలతో దానికి సంబంధం ఉందని తర్వాతి నిద్ర పరిశోధనలు చూపాయి.

పళ్ల వరస సరిచేసే చికిత్స దవడ నొప్పిని తెస్తుందా, ఆపుతుందా అన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లింది. 1987లో మిషిగన్ రాష్ట్రంలో పళ్లు తీసి వరస సరిచేయడం వల్ల దవడ కీలు చెడిందన్న రోగి వాదనను జ్యూరీ అంగీకరించింది. ఆ తీర్పు అమెరికాలో పళ్ల వరస సరిచేసే వైద్యులను (ఆర్థోడాంటిస్టులను) కదిలించి పరిశోధనకు పురికొల్పింది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 1981లో మొదలైన అధ్యయనం వెయ్యిమందికి పైగా పిల్లలను నమోదు చేసుకుని, వారిలో అందుబాటులో ఉన్నవారిని ఇరవై ఏళ్ల తర్వాత పరీక్షించింది. క్లిప్పులు వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ దవడ సమస్యల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ చికిత్స దవడ నొప్పిని తేదు, నివారించదు కూడా.

కొన్ని పొందిక తేడాలు దవడ కీలు జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. ముందుపళ్ల మధ్య సందు, పై పళ్లు ఆరేడు మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉండడం అలాంటివి. ఇక్కడ ఏది కారణం, ఏది ఫలితం అన్నది జాగ్రత్తగా చూడాలి. కీళ్లవాతం వల్ల దవడ ఎముక తల కరిగితే దవడ వెనక్కి వాలి, ముందుపళ్లు విడిపోతాయి. అప్పుడు పొందిక చెడడం జబ్బుకు గుర్తు అవుతుంది, మూలం కాదు. ఏ ఇబ్బందీ లేనివారిలో కూడా దాదాపు మూడో వంతు మందికి కీలులోని బిళ్ల పక్కకు జరిగి ఉన్నట్టు ఎంఆర్ఐ పరీక్షల్లో తేలింది. నొప్పి లేకుండా టక్‌మని శబ్దం మాత్రమే వచ్చే దవడకు వైద్యం అక్కర్లేదనడానికి ఇదే ఆధారం.

నొప్పికి దారితీసేవి ఏమిటో తెలుసుకోవడానికి అమెరికాలో ఒపేరా అనే పెద్ద అధ్యయనం జరిగింది. దవడ నొప్పి లేని 2,737 మందిని గమనిస్తూ ఉండగా 260 మందికి అది కొత్తగా వచ్చింది. శరీరంలో ఇతర చోట్ల నొప్పులు, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, పళ్లు బిగపట్టడం వంటి అలవాట్లు, సాధారణ ఆరోగ్యం బాగాలేకపోవడం ఉన్నవారిలో ఆ అవకాశం ఎక్కువగా కనిపించింది. దవడ నొప్పి చాలామందిలో నడుమునొప్పి, తలనొప్పి వంటి దీర్ఘకాలిక నొప్పుల కుటుంబానికే చెందుతుంది.

పళ్లకు చోటు ఎందుకు తగ్గింది

నొప్పికి పొందిక కారణం కాకపోయినా, పొందిక తేడాలు ఇంతగా పెరగడానికి కారణం వెతకవలసిందే. వేటాడి, ఏరుకుని తిన్న సమాజాల పుర్రెల్లో పళ్ల ఇరుకు తక్కువ. అరిగిన ముందుపళ్లు పెద్దవయసులో అంచుకు అంచు తగిలేవి. వ్యవసాయం, వంట, పిండి విసరడం, తర్వాత పారిశ్రామిక ఆహారం వచ్చిన కొద్దీ దవడలు చిన్నబోయాయి. 2011లో నోరీన్ వాన్ క్రామన్-టౌబాడెల్ వివిధ సమాజాల దవడ ఎముకలను పోల్చి, వేట సమాజాల దవడలు పొడవుగానూ, వ్యవసాయ సమాజాల దవడలు పొట్టిగానూ ఉన్నట్టు చూపింది. పళ్ల పరిమాణం అదే నిష్పత్తిలో తగ్గకపోవడంతో చోటు చాలలేదు.

మార్పు ఒక తరంలోనే కనిపించిన ఉదాహరణలు మానవశాస్త్రవేత్త రాబర్ట్ కొరుచీని సేకరించాడు. వాటిలో ఒకటి భారతదేశానిది. చండీగఢ్ ప్రాంతంలో పట్టణ యువతనూ పల్లె యువతనూ పోల్చినప్పుడు, పల్లెవారికంటే పట్టణవారిలో పొందిక తేడాలు ఎక్కువగా కనిపించాయి. ఒకే జనాభాలో ఇంత త్వరగా జన్యువులు మారవు. జంతు ప్రయోగాలు కూడా ఇటే చూపాయి. 1982లో మెత్తని తిండి మీద పెంచిన స్క్విరల్ కోతుల పళ్ల పొందిక గట్టి తిండి తిన్నవాటికంటే ఎక్కువ చెదిరింది. 2004లో డేనియల్ లీబర్‌మన్ బృందం హైరాక్స్ అనే ఆఫ్రికా జంతువులకు వండిన తిండి పెట్టి పెంచింది. పచ్చి తిండి తిన్నవాటితో పోలిస్తే వాటి ముఖం కింది భాగం ఎదుగుదల సుమారు పది శాతం తగ్గింది.

వారసత్వానికి పాత్ర లేదని దీని అర్థం కాదు. దవడ ఎముకల నిర్మాణం చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కింది దవడ బాగా ముందుకు పెరిగే తీరు కుటుంబాల్లో దిగడం అందరికీ తెలిసినదే. ఆ ఎముకల మీద పళ్లు ఎలా సర్దుకుంటాయన్నదానిలో మాత్రం పెరిగిన పరిస్థితుల పాలు ఎక్కువ. ఆర్థోడాంటిస్టు విలియం ప్రాఫిట్ 1978లో వివరించినట్టు, పన్నును కదిలించేది బలం ఎంతన్నదానికంటే అది ఎంతసేపు ఉన్నదన్నదే. నమిలేటప్పుడు పడే పెద్ద బలం క్షణికం; పెదవి, చెంప, నాలుక గంటల తరబడి ఆనించే చిన్న ఒత్తిడి పన్నును జరుపుతుంది. మూడు నాలుగేళ్లు దాటాక కూడా మానని బొటనవేలి చప్పరింపు ముందుపళ్లను ఎత్తు చేసేది ఇందుకే.

ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం కూడా నాలుక, దవడ స్థితిని మారుస్తుంది. ఎగిల్ హార్వోల్డ్ కోతుల ముక్కులను మూసి చేసిన ప్రయోగాల్లో పొందిక చెదిరింది. అయితే ప్రతి కోతీ తనదైన పద్ధతిలో సర్దుకోవడంతో చెదిరిన తీరు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంది. మనుషుల్లోనూ ఒక అలవాటు నుంచి ఒకే ఫలితం ఊహించడం కుదరదు. నాలుకను అంగిలికి నొక్కి ఉంచితే పెద్దవారి దవడ ఆకారం మారుతుందని ఇంటర్నెట్‌లో సాగుతున్న ప్రచారానికి ఆధారం లేదు. ఎదిగే వయసులోని ఎముకకు వర్తించే విషయాన్ని ఎదుగుదల ఆగిన ఎముకకు అంటగట్టడం వల్ల వచ్చిన పొరపాటు అది.

వైద్యానికి కొత్త కొలమానం

ఈ అవగాహన క్లిప్పుల చికిత్సను వ్యర్థమని చెప్పదు. దాన్ని ఏ కారణంతో చేయాలో స్పష్టం చేస్తుంది. పై ముందుపళ్లు 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉన్న పిల్లలు కింద పడినప్పుడు ఆ పళ్లకు దెబ్బ తగిలే అవకాశం ఇతర పిల్లల కంటే దాదాపు రెట్టింపు. ఎముకలో చిక్కుకుపోయిన కోరపన్ను పక్క పన్ను వేరును కరిగించవచ్చు. కింది ముందుపళ్లు అంగిలికి గుచ్చుకుని పుండు చేయవచ్చు. పెదవి, అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకు నమలడానికీ మాటకూ ఈ వైద్యం అవసరం. నవ్వడానికి బిడియపడే యువకుడి బాధ కూడా నిజమైన బాధే. అందం కోసం చేయించుకునే చికిత్సను అందం కోసమే అని చెప్పి చేయాలి. దవడ నొప్పి వస్తుందని భయపెట్టి చేయకూడదు. సరిచేసిన వరస కదలకుండా ఉండదన్నదీ ముందే చెప్పాలి. అగ్రచర్వణకాలు తీసి చికిత్స పొందినవారిని సియాటిల్‌లో పదేళ్ల తర్వాత పరీక్షించినప్పుడు కింది ముందుపళ్ల వరస సంతృప్తికరంగా నిలిచింది 30 శాతంకంటే తక్కువమందిలోనే. సరిచేసిన వరసను నిలిపి ఉంచే రిటైనర్ దీర్ఘకాలం వాడవలసి రావడానికి ఇదే కారణం.

పోయిన ప్రతి పన్నునూ కట్టించాలన్న నియమమూ సడలింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్న్ట్ కైసర్ 1981లో చూపినట్టు, ముందుపళ్లూ అగ్రచర్వణకాలూ ఆరోగ్యంగా కలుస్తూ ఉంటే వెనక చర్వణకాలు లేకపోయినా చాలామంది పెద్దవారు తృప్తిగా నమలగలరు. ఇరవై మంచి పళ్లు ఉంటే నోరు తన పని తాను చేసుకోగలదన్న లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్వీకరించింది.

దవడ నొప్పి విషయంలో సూత్రం ఇంకా స్పష్టమైంది: మళ్లీ వెనక్కి తీసుకోగల చికిత్సలే ముందు. 1980లలో కీలులో బిళ్లకు బదులు టెఫ్లాన్ పూతతో అమర్చిన కృత్రిమ భాగాలు ముక్కలై ఎముకను తినేశాయి. 1990 దశకం ఆరంభంలో వాటిని అమెరికా మార్కెట్ నుంచి తొలగించారు. అప్పటికే అనేకమంది జీవితాంతం బాధపడే స్థితికి చేరారు. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు మూడు నెలలు దాటిన దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, శిక్షితులు చేసే కండరాల చికిత్స, నొప్పిని ఎదుర్కొనే మానసిక శిక్షణ, భరోసాతో కూడిన సలహాలను సిఫారసు చేశాయి. పళ్ల మీద అమర్చి పొందికను శాశ్వతంగా మార్చే స్ప్లింట్లనూ, బిళ్లను తీసేసే శస్త్రచికిత్సనూ వద్దని గట్టిగా చెప్పాయి. ఎక్కువమందికి మెత్తని ఆహారం, వేడి కాపడం, పెద్దగా ఆవులించకుండా చూసుకోవడం, పగటిపూట పళ్లు బిగపట్టే అలవాటును గమనించి వదిలించుకోవడం చాలు.

నోరు సరిగా తెరుచుకోకపోతే మాత్రం కారణం తెలుసుకోవాలి. తెలుగు నేలమీద దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. వక్క, గుట్కా నమిలేవారిలో చెంపల లోపలి పొర గట్టిపడి, పీచుగా మారి, నోరు క్రమంగా మూసుకుపోతుంది. కీలులోనూ పళ్లలోనూ లోపం లేకుండానే వచ్చే ఈ స్థితి క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. దీనికి రాత్రిపూట పళ్లకు తొడిగే నైట్ గార్డ్ ఇచ్చి పంపితే విలువైన కాలం పోతుంది.

రోగి కుర్చీలో కూర్చున్నప్పుడు వైద్యుడు అడగవలసిన ప్రశ్నలు ఈ విధంగా మారాయి. చర్వణకం ఏ గాడిలో కూర్చుందన్నదానికంటే ముందు నమలడం, మింగడం, మాట్లాడడం, నిద్రపోవడం ఎలా ఉన్నాయో తెలుసుకోవాలి. నొప్పి ఉంటే అది ఎప్పటినుంచి, ఇంకెక్కడ ఉంది, ఏ ఒత్తిళ్ల మధ్య పెరిగింది అని అడగాలి. పిల్లవాడైతే శ్వాస, తిండి, అలవాట్లు చూడాలి. పొందికలో కనిపించిన తేడా నిజంగా ఏ హాని చేస్తోందో చూపగలిగినప్పుడే దాన్ని మార్చాలి. హాని లేని తేడాను అలాగే వదిలేయడం కూడా మంచి దంతవైద్యంలో భాగమే.